తోక నొక్కని చేప

అమెరికాలో మెనామినీ నది పొడుగునా వైనో నిస్కాలాను వట్టి వైనో అని పిలిచేవాళ్లు లేరు. పద్నాలుగు వైనో అనే అంటారు. బుషే అనే ఆయన గాలాల కొట్లో గోడకు ఒక దేవదారు పలక ఉంది. సొంతంగా కట్టిన బొమ్మ ఎరతో ఇరవై అంగుళాల బాస్ చేపను పట్టినవాళ్ల పేర్లు దాని మీద కాల్చిన ఇనపచువ్వతో రాస్తారు. ఆ వరసల్లో పద్నాలుగు వైనోవే. పద్నాలుగుసార్లూ పడవలో తెడ్లు వేసింది అతని భార్య తైమీ. తెడ్లు వేసినవాళ్ల పేరు పలకకెక్కించే ఆనవాయితీ అక్కడ లేదు.

ఇరవై ఆరేళ్లు ఆమె మొగుడి వీపు చూస్తూ పడవ నడిపింది. ఏ రాయి నీళ్లలో ఎంత లోతున ఉందో, ఏ మలుపులో పడవను ఆపిపట్టాలో ఆమె చేతులకు తెలుసు. అతను మాత్రం ఒడ్డుకేసి గాలం విసిరి, చేప పడితే తన ఘనత అని, తప్పిపోతే తెడ్డు తప్పని అనేవాడు. మగాళ్లలో ఇదేమీ వింత రోగం కాదు గనక ఆమె పట్టించుకోలేదు.

ఈ వసంతంలో వైనో కుడిభుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి చెవిదాకా కూడా లేవదు. ఇక గాలం విసరడం కల్ల అని, తెడ్లు లాగడానికి మాత్రం అడ్డు లేదని డాక్టరు చెప్పాడు. దాంతో ఇద్దరి కుర్చీలూ మారాయి. అరవై ఒకటో ఏట తైమీ పడవ ముందు భాగంలో కూర్చుంది. మంచు పడేలోగా ఒక్కసారి తన పేరు పలకకెక్కాలి, అదీ తన చేత్తో పట్టిన చేపతో. ఈ కోరికను ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. కొట్టుకొచ్చే ప్రతివాడికీ చెప్పింది.

వేసవంతా వైనో పడవను రాళ్లకేసి కొట్టాడు. మంచి మలుపు రాగానే ముందుకు జారిపోనిచ్చేవాడు. "ఇన్నేళ్లూ చేపల్ని నువ్వే పట్టావనుకున్నావా?" అని తైమీ ఓసారి వెనక్కి తిరక్కుండానే అడిగింది. సెప్టెంబరు వచ్చేసరికి మాత్రం, పాపం, కాస్త దారికొచ్చాడు.

ఆ నెల రెండో ఆదివారం పొద్దున పాత కాగితం మిల్లు దిగువన పడవ దించారు. మాంసమూ దుంపలూ కూరిన పాస్టీలు తువ్వాల్లో చుట్టి ఆమె కాళ్ల దగ్గర పెట్టుకుంది. నదిలో నీళ్లు తక్కువగా, తేటగా ఉన్నాయి. జింక వెంట్రుకలు కట్టి, బ్లేడుతో గుండ్రంగా కత్తిరించి, వేసవి రాత్రులు కూర్చుని తైమీ తనే చేసిన కప్ప ఆకారపు ఎర గాలానికి ఉంది.

కూలిన దేవదారు మాను పక్కన నీడలోకి ఆమె దాన్ని విసిరింది. నీటి మీద వలయాలు లేచి చెదిరిపోయేదాకా కదపలేదు. వైనో పళ్లు బిగబట్టి, ప్రవాహానికి ఎదురు లాగుతూ పడవను చెక్కుచెదరకుండా నిలబెట్టాడు. అది ఆమె గమనించింది. ఎర కింద నీళ్లు చిన్నగా గుటక వేసినట్టయ్యాయి.

చిన్నచేప అనుకున్నాడు వైనో. తైమీ అనుకోలేదు. పెద్ద బాస్ ఆర్భాటం చెయ్యదు. ఆమె కర్ర పైకెత్తకుండా ఎడంచేత్తో దారం గట్టిగా లాగింది. ఆ వెంటనే ఇత్తడి రంగు చేప ఒళ్లంతా గాలిలోకి లేచి, నీళ్లు ఇద్దరి మొహాన కొట్టి, మాను కిందికి దూకబోయింది. వైనో ఆమె చెప్పకముందే పడవను నది మధ్యకు లాగాడు. పది నిమిషాలకు చేప వలలోకి వచ్చింది.

కొలబద్ద పలక మీద దాన్ని పడుకోబెట్టారు. మూతి పలక మొదట్లోని అడ్డచెక్కకు ఆనింది, నోరు మూసుకుంది. తోక ఎలా వాలితే అలాగే కొలవాలని నియమం. పంతొమ్మిదీ ముప్పావు.

తైమీ ఆ గీత మీదికి వంగి చూసింది. చేప ఎర్రకళ్లతో ఆమెనే చూస్తోంది.

"తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కు," అన్నాడు వైనో మెల్లగా. "ఇరవై తగుల్తుంది."

"ఆరోదానికీ పదకొండోదానికీ నువ్వలాగే నొక్కావు. తల పట్టుకుంది నేనే కదా, చూశాను," అంది తైమీ. "నాకొద్దు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. అనేసి, చేపను నీళ్లలో నిలబెట్టి, అది బలం తెచ్చుకుని వెళ్లేదాకా పట్టుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది, గర్వంగానూ ఉంది. దిగే రేవు దాకా వైనో తలవంచుకుని తెడ్లు లాగాడు. పాస్టీ కూడా ముట్టలేదు.

తైమీ తిన్నగా ఇంటికి పోదామంది. వైనో బండిని బుషే కొట్టు ముందు ఆపాడు. లోపల నలుగురైదుగురు కాఫీ తాగుతున్నారు. కొలత ఎంతో విని బుషే నాలుక చప్పరించాడు.

"పావు అంగుళమే కదా వదినా. ఇరవై అని కాల్చేద్దాం, ఎవరడుగుతారు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఈలోగా వైనో పలక దగ్గరికి వెళ్లి, జేబులోంచి చేపలు కోసే కత్తి తీశాడు. ఎడమచేత్తో తన ఆరో వరస గీకడం మొదలుపెట్టాడు. కాల్చిన రాత అంత సులువుగా పోదు. దేవదారు పొట్టు నేల మీద రాలుతోంది. బుషే ఆపబోతే, ఆరోదీ పదకొండోదీ ఇరవై లేవని, తోకలు నొక్కి కొలిచానని వైనో గోడవైపే చూస్తూ చెప్పాడు. కొట్టంతా గుసగుస. అతని చెవులు ఎర్రబడ్డాయి, అయినా పదకొండోది కూడా పూర్తిగా గీకేదాకా చెయ్యి ఆపలేదు.

"అయితే పద్నాలుగు వైనో కాస్తా పన్నెండయ్యాడన్నమాట," అని మూలనుంచి ఒకడు నవ్వాడు.

తైమీ ఆ నవ్వినవాడి వైపు తిరిగింది. పెళ్లినాడు కూడా వైనోను చూసి ఆమె ఛాతీ ఇంతగా పొంగలేదు.

"పన్నెండే," అంది. "పన్నెండూ ఇరవై దాటినవే. తెడ్లేసింది నేను, కొలిచేటప్పుడు పక్కనున్నది నేను. నా మొగుడి గురించి ఈ కొట్లో ఎవరైనా గొప్పగా మాట్లాడితే ఇన్నాళ్లూ తల దించుకుని కాఫీ తాగేదాన్ని. ఇవాళ్టినుంచి నేనే చెప్తా, వినండి."

కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి చేప దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.