తెరకు వీపు పెట్టిన మనిషి

చచ్చినవాడు అడ్డు చెప్పడు. పాత సినిమాలకు డిస్కులు వేసేవాళ్ల ధైర్యమంతా అదే. చీకట్లో తీసినదాన్ని వెలుగు చేస్తారు, మౌనంగా వదిలినచోట సంగీతం అతికిస్తారు, అట్టమీద ‘సరికొత్తగా’ అని అచ్చువేస్తారు. ఈసారి మాత్రం, పోయిన ఒక దర్శకుడి పాత సినిమాకు డిస్కు వేద్దామని, దాని నిర్మాత కొడుకు మర్యాదగానే వచ్చాడు. వచ్చి, కత్తెరమ్మ ముందు రేకు డబ్బా ఒకటి పెట్టాడు.

కత్తెరమ్మ అంటే ఆ దర్శకుడి సినిమాలన్నీ కోసి కూర్చిన ఎడిటరు. ఆయన పోయి ఏడాది దాటింది. డబ్బా మూత తీయగానే పాతబడ్డ ఫిల్ము పుల్లటి వాసన గుప్పున కొట్టింది. లోపలి ఫిల్ము చుట్టను వెలుగుకు పట్టి చూసింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“ఇదెక్కడ దొరికిందిరా?”

“మా నాన్న గోడౌన్లో అత్తా. గేటు దగ్గర తల్లి ఏడ్చే సీను. డైరెక్టరుగారు కోయించేశారటగా? డిస్కులో మళ్లీ కలిపేద్దాం. అట్టమీద మీ పేరు పెద్దక్షరాల్లో వేయిస్తా. మీరు ఊఁ అంటే చాలు.”

ఊఁ నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ జన్మలో అంత బాగా కోసిన సీను మరొకటి లేదు. మిల్లులో సమ్మె జరుగుతుంది. కొడుకును పట్టుకుపోతారు, గేటు మూస్తారు, బయట తల్లి ఏడుస్తుంది. ఆ ఏడుపును ముక్కముక్కగా ఏరి, ఊపిరికి ఊపిరి అతికించింది. నటి ఏడ్చింది కొంచెమే, మిగతాదంతా కత్తెర ఏడ్చింది. అలాంటిదాన్ని తీసేయమన్నాడు మహానుభావుడు.

ఆవిడ అన్నయ్యా అని పిలిచే ఆ దర్శకుడికో అలవాటుండేది. విడుదలకు ముందు నలుగురిని పిలిచి సినిమా వేసేవాడు. తాను మాత్రం తెర కింద కుర్చీ వేసుకుని, తెరకు వీపు పెట్టి కూర్చునేవాడు. సినిమా చూసేవాడు కాదు, చూసేవాళ్లను చూసేవాడు. ఆ రోజు లేచి వచ్చి ఒకటే మాట అన్నాడు: “మొహాలు చూశానమ్మాయ్. ఆ సీను వద్దు.” ఎందుకని నిలదీస్తే, “నువ్వూ ఓసారి ఇటు తిరిగి కూర్చో,” అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. తన పని తెరమీద ఆడుతుంటే తను మొహం తిప్పుకోవడమా? చాలా రోజులు ఆయనతో మాటలు కూడా మానేసింది.

“కలిపి ఒక కాపీ చెయ్యి,” అంది చివరికి. “ముందు వదిన వాళ్లింట్లో వేసి చూద్దాం. డిస్కు చూసేది ఇళ్లలోనేగా.”

దర్శకుడి భార్య ముందుగదిలో, కుంగిన సోఫామీద ఆవిడా, పక్కింటి ఆలుమగలూ సర్దుకున్నారు. నిర్మాత కొడుకు నేలమీద చతికిలబడ్డాడు. కత్తెరమ్మ టీవీ ముందు కింద పీట వేసుకుని, వాళ్లవైపు తిరిగి కూర్చుంది.

“ఇదేంటే, ఆయన పిచ్చి నీకూ పట్టిందా?” అంది వదిన.

“అన్నయ్య ఆస్తిలో నా వాటా అదే వదినా.”

సినిమా నడిచింది. వీపు వెనక గేటు ధన్‌మని మూసుకుంది. అందరి మొహాలూ బిగుసుకున్నాయి. వదిన కింది పెదవి పంటికింద నొక్కిపట్టింది. అప్పుడు మొదలైంది తల్లి ఏడుపు. ప్రతి కోతా కత్తెరమ్మ చెవులకే తెలుస్తోంది. ఇదిగో, ఇక్కడ చూడండి, ఇక్కడ...

మొహాలు వదులైపోయాయి. వదిన కళ్లు తుడుచుకుని హమ్మయ్య అన్నట్టు వెనక్కి వాలింది. “పాపం, ఎంత బాగా ఏడ్చిందో,” అంటూ పక్కింటావిడ మొగుడిని మోచేత్తో పొడిచింది. “కాసిని నీళ్లు తెద్దురూ.” ఆయన లేచి వంటింట్లోకి పోయాడు. నిర్మాత కొడుకు ఫోను తీశాడు. తెరమీద తల్లి వీళ్లందరి ఏడుపూ తనే ఏడ్చేసింది. ఇక వీళ్లకేం పని?

కత్తెరమ్మ పీటమీంచే చెయ్యెత్తింది.

“ఆపరా. ఈ సీను లేకుండా, అన్నయ్య వదిలినట్టే వెయ్యి. గేటు దగ్గర్నుంచి.”

గేటు మూసుకుంది. వెంటనే ఇంట్లో తల్లి, కొడుకు తిని వెళ్లిన కంచం కడుగుతోంది. అంతే. నీళ్ల చప్పుడు. పక్కింటాయన గ్లాసుతో గుమ్మంలోకొచ్చి అక్కడే నిలబడిపోయాడు. పెళ్లాం చెయ్యి చాచడం మరిచింది. ఆ గేటు మూసుకోవడం ఇప్పుడే ఒకసారి చూసినవాళ్లే, అయినా ఎవరూ కదల్లేదు. ఫోను నిర్మాత కొడుకు ఒళ్లో బోర్లా పడుంది. సినిమా అయిపోయేదాకా ఆ గ్లాసు గాల్లోనే ఉంది.

తన సీను పారేశాడని ఇన్నేళ్లూ ఆయన్ను తిట్టుకుంది. పారేసి, సినిమాను నిలబెట్టాడు. కారణం చెప్పి నోరు మూయించలేదు, నువ్వే కూర్చుని చూసుకోమన్నాడు. అంత గౌరవం తనకు ఇంకెవరిచ్చారు?

“సినిమా ఆయన వదిలినట్టే పోవాలి,” అంది. “ఆ సీను డిస్కులో విడిగా పెట్టు, సినిమా అయ్యాక. దర్శకుడు వద్దన్నాడని రాసి మరీ పెట్టు.”

“మీకు బాధగా లేదూ అత్తా?”

“ఉంది. అయితే ఏం? ఆయన చూశాడు, నేను చూడలేదు.”

వదిన నవ్వింది. “ఈ ముక్క ఆయన చెవిన పడుంటే నిన్ను చచ్చేదాకా దెప్పేవాడే.”

“దెప్పడానికి మనిషుంటే చాలు కదా వదినా.”

గుమ్మంలో పక్కింటాయన ఉలిక్కిపడ్డాడు. “ఇంతకీ నీళ్లు ఎవరడిగారు?”

ఎవరికీ గుర్తులేదు. కత్తెరమ్మ లేచి, గ్లాసు అందుకుని, గటగటా తాగేసింది.