కిటికీకి అడ్డం పెట్టిన బూజుకర్ర

నేను ఒక బూజుకర్రని. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడను గానీ, గర్వపడటానికీ పెద్దగా ఏమీ లేదు. పండగ ముందు రోజు తప్ప నన్ను తలుచుకునేవాళ్ళుండరు. ఆ రోజు మాత్రం ఇల్లాలు తలకి గుడ్డ చుట్టుకుని, నన్ను పైకెత్తి మూలమూలా తిప్పి, "అబ్బ, ఎంత బూజు పట్టిందో" అని నాకేసి చూస్తుంది. అదంతా నేనే కూర్చుని అల్లినట్టు.

మా పుట్టిల్లు మారేడుమిల్లి అడవి. గాలి వీస్తే మా వెదురు పొద పొదంతా కబుర్లాడుకునేది. నరికి, ఎండబెట్టి, నిప్పుసెగ మీద వంకరలు తీసి, తలకి కోనసీమ కొబ్బరిపీచు కట్టారు. అలా ఒళ్ళు కొండది, తల కోనసీమది అయ్యాక సైకిలెక్కి కాకినాడ వచ్చాను. మొదట నన్ను కొన్నది ఓ ఇంటి మేడమీద అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి భార్య. వాళ్ళకి బదిలీ అయింది. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు గోడకి మేకులూ, పాత క్యాలెండరూ, బూజుకర్రా వదిలి వెళ్ళడం ఆచారం. కొత్తింటికి పాత బూజు తీసుకెళ్ళకూడదట. మేకులు గోడకే ఉండిపోయాయి. నేను మెట్లు దిగి కింద ఉండే ఇంటివారికి దక్కాను.

ఆ ఇంటి యజమానురాలు మాణిక్యాంబగారు. ఊరగాయల్లో ఆవిడకి వీధంతా పేరు. కాకినాడ సముద్రపుగాలికి డబ్బాలో ఉప్పు దానంతటదే నీరైపోతుంది గానీ, ఆవిడ జాడీలో మాగాయ మాత్రం రెండేళ్ళైనా చెక్కు చెదరదు. భర్త శేషగిరిగారు పేపరు చదువుతారు. అంతకు మించి ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

శ్రావణమాసంలో వాళ్ళమ్మాయి హైమకి ఆడపిల్ల పుట్టింది. పురుడు పుట్టింట్లోనే. ఆసుపత్రి నుంచి రాగానే తల్లినీ పిల్లనీ వెనక గదిలోకి పంపించారు. బాలింతకి గాలి తగలకూడదు కదా. ఆ గది కిటికీ రెక్కలేమో వానకి ఉబ్బి, గడియ పడటం మానేశాయి. సముద్రం వైపు నుంచి గాలొస్తే దబ్బున లోపలికి తెరుచుకునేవి. మాణిక్యాంబగారు అటూ ఇటూ చూసి, తలుపు వెనకనున్న నన్ను పట్టుకొచ్చి, ఒక కొస కిటికీ రెక్కలకీ, రెండో కొస ఎదుటిగోడ దగ్గరున్న ఇనప బీరువాకీ ఆనించి బిగించేశారు.

అదీ నా జైలు. జైలూ నేనే, ఖైదీనీ నేనే.

గదికి అడ్డంగా నేనుండటంతో అందరూ వంగి వెళ్ళాల్సొచ్చేది. శేషగిరిగారైతే గుమ్మంలోనే ఆగి, "ఇది గదా, రైలు గేటా?" అన్నారు. "మీరు లోపలికొచ్చి చేసేదేముంది?" అన్నారు ఆవిడ. ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు.

అడ్డంగా ఏదైనా కనిపిస్తే దాని మీద బట్ట ఆరేయకుండా ఉండలేకపోవడం మనుషుల గుణం. చంటిదాని లంగోటాలూ, పక్కబట్టలూ, హైమ తువ్వాళ్ళూ అన్నీ నా మీదికే చేరాయి. బయట వాన. లోపల గదినానుకుని ఉన్న స్నానాలగదిలో పూటపూటా వేణ్ణీళ్ళ స్నానం, ఆ ఆవిరి తలుపు సందుల్లోంచి గదిలోకే. దాని మీద సాంబ్రాణి పొగ. నా ఒంటినుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారేవి. అవి ఎక్కడికి పోతాయి పాపం? నాలాగే వాటికీ దారి లేదు. గోడలెక్కాయి. నా తోపుడుకి వెనక్కి ఒత్తుకుపోయిన బీరువా గోడకి అతుక్కుపోయింది. దాని వెనక ముందు చెమ్మ, తరవాత నల్లటి చుక్కలు, వాటి చుట్టూ పచ్చటి నూగు మొదలయ్యాయి. గదంతా ముక్కవాసన. చివరికి నా తలకున్న కొబ్బరిపీచుకి కూడా పట్టింది. బూజు దులిపే నాకే బూజు పట్టిందంటే, ఎవరితో చెప్పుకోను?

చంటిదానికి ముక్కు దిబ్బడ మొదలైంది. తరవాత గొంతులో పిల్లికూతలు. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఎగపోసేది. హైమ దాన్ని భుజాన వేసుకుని, ఆ పిల్లికూతలు వింటూ కూర్చునేది. పిల్లల డాక్టరమ్మ చుక్కలమందు రాసి, "గదిలోకి గాలి రానివ్వండి, తడిబట్టలు లోపల ఆరేయకండి" అంది. మాణిక్యాంబగారు చుక్కలమందు తెచ్చారు. మాటలు అక్కడే వదిలేసొచ్చారు.

"అమ్మా, ఆ కిటికీ కాస్త తియ్యవే. నాకే ఊపిరాడటం లేదు, ఇంక దీనికేం ఆడుతుంది?" అంది హైమ.

"అలాగే అని తీసింది మా అమ్మ, మా అక్కకి" అన్నారు మాణిక్యాంబగారు. ఆవిడ అక్క పురిట్లో జ్వరమొచ్చి పోయింది. ఎందుకొచ్చిందో ఏ వైద్యుడూ చెప్పలేదు. అంతకుముందు రోజు వాళ్ళమ్మ కిటికీ తీసిందని మాత్రం అందరికీ గుర్తుంది. ఆ పాపం గాలి మీదికి పోయింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో గాలికి శిక్ష పడుతూనే ఉంది.

హైమ పిల్లని రెండో భుజానికి మార్చుకుంది.

బారసాల దగ్గర పడింది. మాణిక్యాంబగారు బీరువాలోంచి హైమ పట్టుచీర తీశారు. మడతల మీద బూడిదరంగు మచ్చలు. బీరువా వెనక్కి తొంగిచూశారు. "అయ్యయ్యో, ఎంత బూజే" అని, వెంటనే నాకోసం చెయ్యి చాపారు.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. తెలుగులో ఓ చిన్న పొరపాటు జరిగింది. సాలీడు అల్లిందీ బూజే, తడికి పట్టిందీ బూజే. రెండింటికీ ఒకటే పేరు పెట్టేశారు. మొదటిది నాతో పోతుంది. రెండోది నాతో పెరుగుతుంది. పొడి పీచుతో దాన్ని గీకితే ఆ నూగంతా గాల్లోకి లేచి, కళ్ళకి కనపడకుండా గదంతా విత్తనాలు చల్లినట్టు పడుతుంది. ఇదంతా నాకు తెలుసు. కానీ బూజుకర్ర మాట వినేదెవరు?

ఆవిడ బీరువాని ఇవతలికి లాగి, నన్ను వెనక్కి దూర్చి బరబరా గీకారు. పచ్చటి పొడి లేచింది. చంటిది ఒక తుమ్ము తుమ్మింది, ఇంకొకటి తుమ్మింది, తరవాత ఏడవటానికి నోరు తెరిచింది గానీ ఏడుపు రాలేదు. ఊపిరి లోపలికి వెళ్ళడానికే పెనుగులాడింది. అడ్డు లేకపోవడంతో అదే నిమిషంలో కిటికీ రెక్కలు దబ్బున తెరుచుకున్నాయి. హైమ పిల్లని ఎత్తుకుని ఒక్క అంగలో కిటికీ ముందుకెళ్ళి నిలబడింది. వీపు నిమిరింది. కాసేపటికి ఏడుపు బయటికొచ్చింది. పసిపిల్ల ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"తప్పుకోవే, చలిగాలి" అంటూ మాణిక్యాంబగారు నన్ను మళ్ళీ కిటికీకి ఆనించబోయారు. హైమ ఒక చేత్తో నా రెండో కొస పట్టుకుంది. తల్లి అటు లాగింది, కూతురు ఇటు లాగింది. ఇద్దరి మధ్యా నేను.

"అమ్మా, ఒక మాట చెప్పు. ఆవకాయ మీద బూజొస్తే చీపురుతో ఊడుస్తావా?"

"నా ఆవకాయ మీద బూజా? రానిస్తానేంటి?"

"ఎలా రానివ్వవు?"

"ఎలా ఏమిటి, నీకు తెలీదూ? తడి చెయ్యి తగలనివ్వను. ముక్కలు తుడిచి ఆరబెట్టందే జాడీ ముట్టనివ్వను. లోపల తడుందని అనుమానమొస్తే మూతే బిగించ..." ఆవిడ అక్కడ ఆగారు.

"మరి మమ్మల్ని తడిబట్టలతో కలిపి జాడీలో పెట్టి మూత బిగించేశావు కదమ్మా" అంది హైమ. కోపంగా అనలేదు. అలిసిపోయి అంది.

మాణిక్యాంబగారు నా వైపు చూశారు. నా మీంచి కిందపడ్డ తడి లంగోటాల వైపు చూశారు. గోడ మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి వాసన చూసుకున్నారు. ఊరగాయ చెడిందో లేదో చూసినట్టే. తరవాత నన్ను వదిలేశారు.

"చెవుల్లో దూది మాత్రం తియ్యకు" అన్నారు.

"తియ్యను."

"శాలువా కూడా."

"కప్పుకుంటా."

ఆ సంధితో నా జైలు ముగిసింది. తల్లీపిల్లా ముందు గదిలోకి మారారు. మాణిక్యాంబగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్ళలో ముంచి పిండిన బట్టతో గోడ తుడిచి, ఆ బట్టని బయట పారేసి, పొడిబట్టతో మళ్ళీ తుడిచారు. బీరువాని గోడకి జానెడు దూరంలో నిలబెట్టారు. శేషగిరిగారు పేపరు పక్కన పెట్టి డాబా ఎక్కారు. అక్కడ తూములో ఆకులు పేరుకుని, వాననీరు దిగే దారిలేక గోడలోకే దిగుతోందట. ఆయన చెయ్యగలిగిన పని ఒకటుందని ఇంట్లో అందరికీ ఆ రోజు తెలిసింది. నా తలకున్న పీచు విప్పి చెత్తబండిలో వేశారు. మిగిలిన ఒంటిని వసారాలో రెండు తాళ్ళకి కట్టి, తడిబట్టలకి దండెం చేశారు.

ఇప్పుడు ఏడాది తిరిగింది. మాణిక్యాంబగారు ఇంటిని ఊరగాయలాగే చూసుకుంటున్నారు. ఎండాకాలంలో పరుపులకీ పట్టుచీరలకీ ఎండ. వానలకి ముందు తూము శుభ్రం. వాన వెలిసిందంటే ఎదురెదురు కిటికీలు బార్లా. చలికాలం పొద్దుటి పూట మంచు విడిచాకే కిటికీ. స్నానమయ్యాక గదివైపు తలుపు మూసి, బయటివైపు వెంటిలేటరు తెరవడం. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత. పక్కింటివాళ్ళకి ఇదంతా చెబుతారు కూడా. "బూజు దులిపేది కాదమ్మా, రాకుండా చూసుకునేది" అంటారు, మాట తనదే అయినట్టు. హైమ వింటే నవ్వుకుంటుంది.

నన్ను రెండు వైపులా కట్టారు. కట్టెయ్యడం కట్టెయ్యడమే, కాదనను. కానీ ఇక్కణ్ణుంచి ఆ కిటికీ లోపలికి కనిపిస్తుంది. గోడ ఆరి, తల్లీపిల్లా వెనక గదికి తిరిగొచ్చిన కొత్తలో ఓ మధ్యాహ్నం జరిగింది చెబుతాను.

హైమ భోంచేస్తోంది. చంటిది కిటికీ దగ్గర మంచం మీద పడుకుంది. మాణిక్యాంబగారు పక్కనే కూర్చుని విసురుతూ, ఉన్నట్టుండి విసనకర్ర ఆపేశారు. చెవి ఒగ్గి విన్నారు. ఏమీ వినపడలేదు. గబగబా వంగి, పిల్ల ముక్కు కింద వేలు పెట్టారు.

"ఏంటమ్మా, ఏమైంది?" హైమ ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చింది.

ఆవిడ చాలాసేపు వేలు తియ్యలేదు.

"ఏం కాలేదే" అన్నారు. "చప్పుడు లేకుండా పీలుస్తోంది, అంతే."