ముల్లంగి కడిగిన రేవు

బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు. మా అత్తగారు ఫుజినో లేరు. నా నాలుగేళ్ల కొడుకు షోగో లేడు. దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల మీద పాత ఆల్బం తెరిచి ఉంది. గుమ్మం దగ్గర అత్తయ్య చెప్పులు లేవు. వాడి బూట్లు మాత్రం ఉన్నాయి.

రెండేళ్లుగా అత్తయ్యకు పొద్దున తిన్న అన్నం సాయంత్రానికి గుర్తుండదు. ఆ నలుపు తెలుపు ఫోటోల్లోని ఊరు మాత్రం ఇల్లిల్లూ గుర్తు. షోగోను మా ఆయన పేరుతో, కెన్‌సాకూ అని పిలుస్తారు. ముద్దుగానే ఉందిలే అనుకునేదాన్ని.

ఆల్బంలో ఒక ఫోటో లేదు. దాన్ని పట్టి ఉంచే నాలుగు మూలల కాగితాలు మాత్రం మిగిలాయి. అది ఏ ఫోటోనో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు.

పక్కింటికి పరుగెత్తాను. మత్సుయో పిన్ని వాకిట్లో కూర్చుని ముల్లంగి జతలు కడుతోంది.

“పిన్నీ, అత్తయ్య మా వాణ్ణి తీసుకుని ఎటో వెళ్లిపోయారు!”

“ఆ నడుముతో ఎంత దూరం పోతుందే? పందిళ్ల కింద ఉంటుంది చూడు. ముల్లంగి కనబడితే చాలు, ఆవిడకి పుట్టిల్లు కనబడ్డట్టే.”

“వాడి కాళ్లకి బూట్లు కూడా లేవు పిన్నీ. ఆల్బంలో ఫోటో కూడా ఒకటి పోయింది.”

పిన్ని తాడు పడేసి లేచి, ఊరి ఆఫీసుకి ఫోన్ చేసింది.

ఇంటెత్తు వెదురు పందిళ్ల నిండా ఆరబెట్టిన ముల్లంగులు తెల్లగా వేలాడుతున్నాయి. ఒక్కొక్క పందిరి కిందా దూరి వాడి పేరు పెట్టి అరిచాను. కొండ గాలి గొంతును వెనక్కి తోసేసింది. ఇంతలో ఊరి మైకు మొదలైంది. “ఊదారంగు కోటు వేసుకున్న పెద్దావిడ, వెంట చిన్న బాబు...” ఎంత తియ్యటి గొంతో! మందుల దుకాణంలో సబ్బులు చవగ్గా దొరుకుతాయని చెబుతున్నట్టు ఉంది. నాకు ఆ మైకును పీకి పారేయాలనిపించింది.

“ఏడవడం తర్వాత. ఆ పోయిన ఫోటోలో ఏముందో చెప్పు” అంది పిన్ని, నా భుజాలు పట్టి కుదుపుతూ.

తలపైన వేలాడే ముల్లంగులు చూస్తే అప్పుడు తట్టింది. “ఆడవాళ్లు... మోకాలి లోతు నీళ్లలో నిలబడి ముల్లంగి కడుగుతుంటారు. వెనక చెక్క వంతెన.”

పిన్ని ముఖం పాలిపోయింది. “పాత రేవే తల్లీ అది! వంతెన వరదకి పోయింది. కింద అడ్డుకట్ట వేశారు. ఇప్పుడక్కడ మోకాలి లోతు కాదు, మనిషి మునుగుతాడు.”

ఎలా పరుగెత్తానో తెలియదు. రేవు మెట్ల మీద అత్తయ్య కనిపించారు. ఒక చేతిలో ఫోటో, మరో చేతిలో షోగో మణికట్టు. నీళ్లకు ఒక్క మెట్టు పైన ఉన్నారు. వాడి పాదాలు ఎర్రగా కమిలిపోయాయి.

“అమ్మా, చలి” అన్నాడు. గట్టిగా ఏడవడానికి కూడా భయపడుతున్నాడు.

“ఎవరే నువ్వు?” అన్నారు అత్తయ్య.

“నేను చిజురుని అత్తయ్యా. మీ కోడల్ని.”

“నా కొడుక్కి నాలుగేళ్లు. అప్పుడే కోడలేమిటే, సిగ్గులేదూ? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మా ఆయన చెప్పనే చెప్పాడు!”

నేను ఒక అడుగు వేశాను. ఆవిడ ఒక మెట్టు దిగారు. నీళ్లు చీలమండలు తాకాయి. వాడు కెవ్వుమన్నాడు.

ఆగిపోయాను. తల్లినంటే నమ్మరు. కాళ్లు పట్టుకుందామంటే దగ్గరికి రానివ్వరు. వెనకే పిన్ని వచ్చి ఆగింది. అప్పుడు నేను వెనక్కి జరిగి, కెమెరా పట్టుకున్నట్టు రెండు చేతులూ కంటి ముందు పెట్టుకున్నాను.

“అమ్మగారూ, ఫోటో తీయడానికి వచ్చానండీ. వెనకున్న వంతెన కూడా ఫోటోలో పడాలి. కాస్త పైకి వచ్చి నిలబడండి.”

“అయ్యో, తల కూడా దువ్వుకోలేదే!” అంటూ పైకి ఎక్కారు. రెండు మెట్లు.

“ఇది ముల్లంగి కడిగేవాళ్ల ఫోటో అండీ. బాబుని ఇటు పంపండి.”

“కెన్‌సాకూ, అక్కడ కూర్చో. అల్లరి చేశావంటే ఊరుకోను.”

చెయ్యి వదిలారు. వాడు వచ్చి నా మీద పడ్డాడు. ఆ పాదాలను నా చొక్కా లోపల, కడుపుకు అదుముకున్నాను. మంచు ముద్దలు.

అత్తయ్య కదలకుండా నిలబడ్డారు. గడ్డం ఎత్తి, నా వైపే చూస్తూ నవ్వుతున్నారు.

“తీశావా అమ్మాయ్? నీళ్లలో పని ఉంది నాకు.”

పిన్ని ఒక్కొక్క మెట్టే దిగుతోంది.

“ఇంకా లేదండీ, కదలకండి” అన్నాను. నా పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆవిడ మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. పిన్ని చెయ్యి ఆవిడ మోచేతిని గట్టిగా పట్టుకునేదాకా అదే చెబుతూ ఉన్నాను.