ఎద్దు కొమ్ము తగల్లేదు

యశస్విని ఎడమకంట్లో తెల్లటి మెరుపును మొదట చూసింది తల్లి ఆశాజ్యోతే. కంచరపాలెంలో వాళ్ళు అద్దెకుంటున్న ఇంటి మెట్ల మీద కూర్చుని పిల్లకి అన్నం పెడుతోంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా ముఖం మీద పడింది. నల్లగా ఉండవలసిన కంటిపాప పిల్లి కన్నులా తెల్లగా మెరిసింది. పిల్లకి అప్పుడే రెండేళ్ళు నిండాయి. ఆశ జగదాంబ జంక్షను దగ్గర బట్టల షాపులో పని చేస్తుంది. మర్నాడు సెలవు పెట్టి, భర్త గవర్రాజుని వెంటబెట్టుకుని కళ్ళ ఆసుపత్రికి వెళ్ళింది.

అక్కడ హేమశ్రీ అనే డాక్టరమ్మ పిల్లకి మత్తిచ్చి రెండు కళ్ళూ లోపలిదాకా పరీక్ష చేసింది. స్కాన్ తీయించింది. తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఎడమకంట్లో ఉన్నది కేన్సరు గడ్డ. పుట్టుకతోనే జన్యువులో ఉండే లోపం వల్ల చిన్నపిల్లలకి వస్తుంది. ఎడమకన్ను ఇక చూపు లేని కన్ను, దాన్ని తీసెయ్యాలి. కుడికన్ను ఇప్పటికి బాగుంది. వెంటనే తీస్తే ప్రాణానికి భయం లేదు. ఆలస్యమైతే గడ్డ నరం పట్టుకుని మెదడుకి పాకుతుంది.

అంతా చెప్పి ఆవిడ గవర్రాజు ముఖంలోకి పరీక్షగా చూసింది. గవర్రాజుది ఒక కన్ను గాజుది. ఎలా పోయిందని అడిగింది.

"సిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిందండి. నాకు గేపకం నేదు. మా అమ్మ సెప్పీది."

ఆ అమ్మను ఒకసారి తీసుకురమ్మని డాక్టరమ్మ అంది. దేముడమ్మ వాళ్ళతోనే ఉంటుంది. కానీ కోడలు అడిగితే మోకాళ్ళ నొప్పులని మంచం దిగలేదు.

ఆపరేషనుకి గవర్రాజు ఒప్పుకోలేదు. అతనికి బతుకంతా ఒకటే కోపం. చిన్న దెబ్బకి డాక్టర్లు కన్ను పీకేశారని పద్మనాభం మండలంలోని వాళ్ళ ఊళ్ళో అందరూ అనుకునేవారు, అతనూ అదే నమ్మాడు. బళ్ళో ఒంటికన్నోడన్నారు. ఐటీఐ మంచి మార్కులతో పాసయ్యాడు, స్టీలుప్లాంటులో మెడికల్ పరీక్ష దగ్గర తిప్పి పంపేశారు. పోర్టులో క్రేను మీదకీ రానివ్వలేదు. చివరికి కంచరపాలెంలో ఒక షెడ్డులో మోటార్లకి వైండింగు చేస్తూ బతుకుతున్నాడు. మగాణ్ణి నాకే ఇలా ఉంటే, ఆడపిల్లకి ఎలా ఉంటుందో తెలుసా అని ఆశని అడిగాడు. నా చేతుల్తో నా కూతురి కన్ను తీయించనన్నాడు.

షెడ్డులో పనిచేసే అబ్బులు భీమిలిలో సూరన్న గారని ఒకాయన పేరు చెప్పాడు. ఆయన ఆకు పసరు తీసి కంట్లో వేస్తాడు, ఎలాంటి గడ్డయినా కరిగిపోతుందన్నాడు. ఆదివారం భార్యాభర్తలు పిల్లని తీసుకుని బస్సెక్కి వెళ్ళారు.

సూరన్న తెల్లచొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చుని, ఎవరి మాటకీ అడ్డు రాకుండా వినే మనిషి. ఇంత అని డబ్బు అడగడు. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, భయపడకమ్మా అన్నాడు. ఆశకి ఆ మాట ఒక్కటే చాలా హాయిగా అనిపించింది. ఆసుపత్రిలో ఎవరూ ఆ మాట అనలేదు. సూరన్న పెట్టిన షరతులు రెండు. ఇంగ్లీషు మందుతో కలిస్తే పసరు వికటిస్తుంది కాబట్టి ఆసుపత్రి వైపు వెళ్ళకూడదు. పిల్ల ఇంకా తల్లిపాలు మానలేదు కాబట్టి తల్లి ఉప్పు, పులుపు, నీచు ముట్టకూడదు.

ఆశకి పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఆపరేషను చేయిద్దామని ఇంట్లో ఎన్నోసార్లు అంది. అత్త కొడుకు వైపే మాట్లాడింది. కన్నతండ్రి కూడా ఫోన్లో అల్లుడి మాట కాదనొద్దన్నాడు. కత్తి పెట్టకుండా నయమైతే అంతకంటే ఏం కావాలి అని ఆమె మనసులోనూ ఒక మూల ఉండేది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారా అని అప్పుడప్పుడు భర్తని అడిగేది. ఎవరూ చెయ్యలేదనేవాడు. అంత ప్రమాదమైతే వాళ్ళే పిలుస్తారు కదా అనేవాడు. అది నిజమేననిపించేది.

అలా వేసవి గడిచి వానలు పడ్డాయి. పసరు వేసినప్పుడల్లా పిల్ల కాళ్ళూ చేతులూ కొట్టుకుని ఏడ్చేది. ఆశే పిల్ల తల పట్టుకునేది. కన్ను ఎర్రబడింది. తర్వాత ముందుకు ఉబ్బింది. గడ్డ కరిగి బయటికొస్తోందని సూరన్న అన్నాడు. పిల్ల తల గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది, అన్నం మానేసింది.

ఆ వారం గవర్రాజు ఒక్కడే భీమిలి వెళ్ళొచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "సేపలేటైనా తిన్నావా నువ్వు?" అని అడిగాడు.

ఆశకి మొదట అర్థం కాలేదు. పథ్యం తప్పినందువల్లే మందు పని చెయ్యలేదని సూరన్న చెప్పాడట. తల్లి నిజం చెప్పాలన్నాడట. అన్ని నెలలుగా చప్పిడి అన్నం తిని, షాపులో నిలబడలేక కళ్ళు తిరిగి పడిపోయిన మనిషి ఆశ. లేచి, పిల్లని టవల్లో చుట్టి భుజాన వేసుకుంది. గవర్రాజు అడ్డం వచ్చాడు. అప్పటిదాకా ఆమె అతణ్ణి మీరనే పిలిచింది.

"తప్పుకో," అంది. "నువ్వు తప్పుకోకపోతే వీధిలోకి వినబడేలాగ అరుస్తాను."

అతను తప్పుకున్నాడు. ఆశ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళింది.

హేమశ్రీ లైటు వేసి పిల్ల కన్ను చూసింది. తర్వాత గట్టిగా, మేం ఎన్నిసార్లు ఫోన్ చేశామో మీకు తెలుసా అంది. మీ ఆయన మొదట వస్తామన్నారు, తర్వాత పిల్లని హైదరాబాదు తీసుకెళ్ళామన్నారు, ఆ తర్వాత ఎత్తడమే మానేశారు. ఆశ తల ఎత్తలేకపోయింది. మత్తిచ్చి మళ్ళీ పరీక్ష చేస్తే గడ్డ కంటి వెనక నరంలోకి చేరినట్టు తేలింది. ముందు కీమో ఇచ్చి, తర్వాత కన్ను తీసి, మళ్ళీ కీమో ఇవ్వాలి. అది కాక, బాగున్న కుడికంట్లో కూడా ఇప్పుడు రెండు చిన్న మచ్చలు కనబడ్డాయి. వాటిని లేజరుతో కాల్చాలి. ఈ నెలలన్నీ పరీక్ష చేస్తూ ఉంటే అవి ఆవగింజంత ఉన్నప్పుడే దొరికేవి. పిల్లని ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

"మీ ఆయన కన్ను సంగతి ఇప్పుడైనా తెలుసుకోండి," అంది డాక్టరమ్మ. "నా అనుమానం నిజమైతే ఇది తండ్రి నుంచి వచ్చింది. మీకు రేపు ఇంకో బిడ్డ పుడితే పుట్టగానే కళ్ళు చూడాలి."

పిల్ల దగ్గర నర్సుని కాసేపు ఉండమని బతిమాలి, బట్టల కోసం ఇంటికొచ్చిన ఆశ తిన్నగా అత్త మంచం దగ్గరికి వెళ్ళింది. గవర్రాజు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అతని వైపు చూడలేదు.

"అత్తా, ఈయనకి ఎద్దు కొమ్ము ఎక్కడ తగిలింది? పొలంలోనా, పశువుల సాలలోనా?"

దేముడమ్మ పొలంలో అంది. ఎవరి ఎద్దు అని ఆశ అడిగింది. ఎవరు చూశారని అడిగింది. కన్నుకి దెబ్బ తగిలితే కనుబొమ్మ మీదగాని, చెంప మీదగాని చిన్న గీత కూడా ఎందుకు లేదని అడిగింది. ముసలామె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎద్దూ నేదు, కొమ్మూ నేదు," అంది చివరికి. "మీ గుంటకొచ్చిందే ఆడికీ వొచ్చింది. తెల్లగా మెరిసీది. మీ మావా నానూ ఇద్దరం ఆణ్ణి ఎత్తుకొని పెద్దాసుపత్రికి తెచ్చాం. కన్ను తీసేస్తేనే బతుకుతాడన్నారు. తీయించాం. బతికాడు."

"మరి ఎద్దెందుకొచ్చింది?"

"కంట్లో గడ్డని తెలిస్తే ఆడికి పిల్లనెవుడిత్తాడు?"

"నన్నిచ్చారు కదా," అంది ఆశ. "పెళ్ళప్పుడు సెప్పనేదు, సరే. దీని కంట్లో తెల్లగా కనబడిందని మొట్టమొదట నీకే సెప్పాను అత్తా. అప్పుడేటైంది నీ నోటికి? నీ కొడుకుని నువ్వు ఆసుపత్రికెత్తుకెళ్ళి బతికించుకున్నావు. నా కూతుర్ని పసరు కాడికి పంపించావు."

దేముడమ్మ ఏడవడం మొదలుపెట్టింది. గడ్డ కరిగిపోతుందన్నారు కదా, కరిగిపోతే ఎవరికీ తెలియక్కర్లేదనుకున్నానంది. అప్పటిదాకా కదలకుండా ఉన్న గవర్రాజు లేచాడు. తల్లి మీదకి వెళ్ళి, బతుకంతా ఆ డాక్టర్లని తిట్టుకున్నానని, ఎన్నోసార్లు అడిగితే ఒక్కసారైనా నిజం చెప్పలేదని కేకలు పెట్టాడు. మంచినీళ్ళ బిందెని కాలితో తన్నాడు. నీళ్ళు గదంతా పారాయి.

ఆశ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"అమ్మ మీద అరవకు. ఆవిడ అబద్ధం ముప్పయ్యేళ్ళ కిందటిది. నీ అబద్ధం మొన్నటిది. ఆసుపత్రోళ్ళు ఫోన్ చేస్తే పిల్ల హైదరాబాదులో ఉందని సెప్పింది ఎవరు?"

ఆశ బట్టలు సంచీలో కుక్కుకుని, తడినేల మీద నడిచి వెళ్ళిపోయింది.

కీమో మొదలైంది. పిల్ల జుట్టు తలగడ మీద కుచ్చులు కుచ్చులుగా రాలింది. షాపులో ఇక సెలవు ఇవ్వలేమంటే ఆశ ఉద్యోగం మానేసింది. గవర్రాజు రోజూ కేరేజీ తెచ్చి వార్డు బయట నిలబడేవాడు. ఆమె కేరేజీ తీసుకునేది, మాట్లాడేది కాదు. కన్ను తీసే రోజు ఉదయం మాత్రం అతను కనబడలేదు. కాగితాల మీద ఆశ ఒక్కతే సంతకం పెట్టింది. పిల్లని థియేటరు లోపలికి తీసుకెళ్ళినప్పుడు ఆ వసారాలో ఆమె ఒక్కతే ఉంది.

మధ్యాహ్నం అతను వచ్చాడు. చొక్కా చినిగి, పెదవి చిట్లి ఉంది. భీమిలి వెళ్ళి సూరన్న అరుగు మీద సీసాలన్నీ పగలగొట్టానని, అక్కడున్న జనం తనని కొట్టారని చెప్పాడు. ఆ మాట వింటే ఆమె కోపం కొంత తగ్గుతుందనుకున్నాడు కాబోలు.

"సూరన్న ఏటన్నాడు?" అని అడిగింది.

పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజే తన బాధ్యత తీరిపోయిందన్నాడట. పిల్ల కన్ను డాక్టర్లే పాడుచేశారని అక్కడున్న వాళ్ళందరికీ చెప్పాడట. జనం అతని మాటే నమ్మారట.

"నువ్వు కూడా నమ్మావు కదా," అంది ఆశ. "నీ కూతురి కన్ను తీస్తన్న రోజున నీకు అక్కడ పనేటి? నువ్వు ఉండాల్సింది ఇక్కడ. కొట్లాట నీకోసం పెట్టుకున్నావు, దీనికోసం కాదు."

ఇంటికొచ్చిన మర్నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పిల్లని చూడ్డానికి వచ్చారు. పక్కింటి పైడితల్లి మనవణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. ఎడమకంటికి కట్టుతో, నున్నటి తలతో యశస్విని చాప మీద కూర్చుని బిస్కెట్టు నములుతోంది. ఆశ లోపల పాలు కాస్తోంది. ముందు గదిలో అత్త గొంతు వినబడింది. ఉయ్యాల బల్ల తగిలిందమ్మా, ఇన్ఫెక్షనొచ్చి తీసెయ్యాల్సొచ్చింది అని చెబుతోంది.

ఆశ పొయ్యి ఆపి బయటికొచ్చింది.

"ఉయ్యాల కాదు. కంట్లో కేన్సరు గడ్డ. వాళ్ళ నాన్నకీ అదే వొచ్చింది, ఆయన కన్నూ అందుకే తీశారు. పుట్టుకతో వొచ్చే జబ్బు."

దేముడమ్మ చెయ్యి ఊపుతూ ఊరుకోమంది, రేపు దానికి పెళ్ళెలా అవుతుందంది.

"దానికి పెళ్ళయినా కాకపోయినా దాని ఒంట్లో ఏటుందో దానికి తెలియాలి. రేపు బిడ్డని కంటే, పుట్టిన రోజే కళ్ళు సూపించాలి. ఉయ్యాల తగిలిందని సెప్తే అది సూపించదు అత్తా. అది కూడా నాలాగే మెట్ల మీద కూర్చుని సూసుకుంటాది."

గుమ్మం దగ్గర నిలబడ్డ గవర్రాజు వైపు అందరూ చూశారు. అతను ఒక్క క్షణం తటపటాయించాడు. "అవును. నాకూ గడ్డే," అన్నాడు.

పైడితల్లి మనవణ్ణి గట్టిగా పట్టుకుని, అంటుకుంటుందా అని అడిగింది. అంటుకోదని ఆశ చెప్పింది. అయినా ఆమె టీ తాగకుండానే లేచింది. ఆ తర్వాత చాలా రోజులు తమ పిల్లల్ని వీళ్ళింటికి ఆడుకోడానికి పంపలేదు. ఆశ ఒకరోజు వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, డాక్టరుకి ఫోన్ చేసిస్తాను, మీరే అడగండి అంది. వాళ్ళు తలుపు ఓరగా మూసుకున్నారు. ఆమె ఆ తలుపుని అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి వచ్చేసింది.

కీమో పూర్తయింది. కుడికంట్లో మచ్చలు లేజరుకి మాడి, చదునుగా అయ్యాయి. చూపు ఉంది. ఇక కొన్నేళ్ళపాటు విడవకుండా పరీక్షకి రావాలని, ప్రతిసారీ మత్తిచ్చి చూడాలని హేమశ్రీ చెప్పింది. గవర్రాజు రక్తం కూడా పరీక్షకి పంపింది. లోపం అతనిలో ఉన్నట్టు తేలింది. ఆ సంగతి విన్న సాయంత్రం అతను ఆశ కాళ్ళ దగ్గర కూర్చుని తప్పయిపోయిందన్నాడు. ఆమె కూరగాయలు తరుగుతూనే ఉంది. దానికి నేనేం చెప్పలేను, లేచి అన్నం తిను అంది.

తర్వాతి కంటి పరీక్షకి ముగ్గురూ వెళ్ళారు. కొత్త మచ్చలేం లేవని డాక్టరమ్మ చెప్పింది. మత్తు పూర్తిగా వదలని పిల్లని భుజాన వేసుకుని ఆశ బస్టాపుకి నడిచింది. రోడ్డంతా లారీలు. పిల్ల బరువు పెరిగింది. సగం దారిలో చేతులు లాగేశాయి. గవర్రాజు పక్కనే నడుస్తున్నాడు, అడిగే ధైర్యం లేక ఊరుకున్నాడు.

ఆశ ఆగి, పిల్లని అతని చేతుల్లో పెట్టింది.

"తల కింద సెయ్యెట్టు," అంది. "పట్టుకున్నావా?"

పట్టుకున్నానన్నాడు. ఆమె ముందుకు నడిచి, వచ్చే బస్సు నంబరు చూడసాగింది.