దూది గదికి ఎంత వెలుగు

యూసుఫ్ కొత్త టీవీ కొన్నాడన్న సంగతి పర్చూరులో ఆ వీధి వీధంతా తెలిసిపోయింది, ఎందుకంటే దాని పెట్టె గుమ్మంలో పట్టక నడివీధిలోనే విప్పాల్సి వచ్చింది. పరుపుల షాపు నడుపుకునేవాడికి ఇంత టీవీ ఎందుకయ్యా అని ఎవరైనా అంటే, "మా నాన్నని చూసుకోవటానికి" అనేవాడు.

నాన్న హయాత్ పోయిన వానాకాలంలో చనిపోయాడు. ఆ చుట్టుపక్కల విల్లుతో దూది ఏకే మనుషుల్లో చివరివాడు ఆయనే. ఆయనకి ఫొటోలంటే గిట్టేది కాదు. పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ ఇటు తిరిగితే తను భోజనాల వైపు తిరిగేవాడు. ఆధార్ కార్డులో ఒక బొమ్మ ఉంది గానీ, ఆ కార్డులో ఎవరు మాత్రం తమలాగా ఉంటారు? ఇక మిగిలింది ఒక్క సినిమా. అది కూడా పెద్ద సినిమా కాదు, పత్తి మీదా మిర్చి మీదా తీసిన చిన్న డాక్యుమెంటరీ. హయాత్ తమ్ముడి కూతురు సిద్దికా గుంటూరులో వీడియోలకి రంగులు సరిచేసే పని చేస్తుంది. ఆమె భర్త అస్లాం కెమెరామన్. కిందటి మిరపకాయల కాలంలో ఇద్దరూ కలిసి దాన్ని తీశారు. తమ్ముడి కూతురు అడిగితే కాదనలేక హయాత్ అందులో కూర్చున్నాడు.

టీవీ గోడకెక్కిన రోజు సిద్దికా కూడా పర్చూరు వచ్చింది. అందరికన్నా ముందు, తెరకి బాగా దగ్గరగా, హయాత్ భార్య మౌలాబీ కూర్చుంది. మొదట మిరపకాయల కల్లం వచ్చింది. మిట్టమధ్యాహ్నం, కనుచూపు మేరా పరిచిన ఎరుపు, దాని మీద ఆవిరిలా ఊగే ఎండ. హాలు గోడలు ఎర్రబడ్డాయి. మౌలాబీ తెల్లచీర ఎర్రబడింది. యూసుఫ్‌కి నిజంగానే దగ్గొచ్చింది. ఆ తర్వాత కెమెరా కల్లం దాటి, పెరడు దాటి, హయాత్ దూది ఏకే గదిలోకి నడిచింది. అంతే, కరెంటు పోయినట్టయింది. పైకప్పు సందులోంచి పడే ఒక సన్నని ఎండ గీత, అందులో తేలే దూది పింజలు. విల్లు నారి తుమ్ తుమ్మని మోగుతోంది. మోగించే మనిషి లేడు.

"ఏడే మీ పెదనాన్న?" అంది మౌలాబీ.

"అక్కడే ఉన్నాడు పెద్దమ్మా. నా మానిటర్‌లో బాగా కనపడ్డాడు."

"నీ దాంట్లో కనపడితే నాకేంది?" అని కసిరింది. కాసేపటికి తనే గొంతు తగ్గించి సిద్దికా చెయ్యి పట్టుకుంది. "కళ్లు మూసుకుంటే గొంతు వస్తంది గానీ మొహం రావట్లేదే. ముక్కు గుర్తొస్తే కళ్లు రావు. కళ్లు వచ్చేలోపు ముక్కు పోతది. రోజురోజుకీ మర్చిపోతన్నా. ఇన్నేళ్లు కాపరం చేసి మొగుడి మొహం మర్చిపోయే ఆడది ఉంటదా ఎక్కడన్నా?"

సిద్దికా గుంటూరు బస్సు ఎక్కింది గానీ ఆమె మనసు ఎక్కలేదు. చిలకలూరిపేట దాటాక కిటికీలోంచి కల్లాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతున్నాయి. ఎరుపు, నలుపు, మళ్లీ ఎరుపు. కళ్లు మూసుకున్నా రెప్పల కింద ఆ ఎరుపే కదులుతోంది. తప్పెక్కడుందో ఆమెకి తెలుసు.

ఇప్పటి కెమెరాలు నిప్పులాంటి ఎండనీ, మూల చీకటినీ రెంటినీ దాచుకుంటాయి. హెచ్‌డీఆర్ అని దానికి పేరు. అంత వెలుగునీ ఉన్నదున్నట్టు చూపే సత్తా ఇళ్లలో ఉండే టీవీలకి ఉండదు. అందుకని బొమ్మతో పాటు టీవీకి ఒక కబురు కూడా వెళ్తుంది. ఇందులో అన్నిటికన్నా మండే వెలుగు ఇంత, నీ చేతనైనంతలో సర్దుకో అని. ఆ కబురునే మెటాడేటా అంటారు. సిద్దికా సినిమా మొత్తానికీ కలిపి ఒకే కబురు పంపింది, కల్లంలో ఎండని కొలిచి. ఆ ఎండని ఇముడ్చుకోవటానికి టీవీ సినిమా అంతటినీ ఒకే లెక్కన అణిచిపెట్టింది. కల్లం ఆ దెబ్బని తట్టుకుంది. అసలే చీకట్లో ఉన్న గది ఇంకా అడుక్కి పోయింది. ఎక్కడో ఎండిన మిరపకాయల కోసం పెదనాన్న మొహం మునిగిపోయింది.

సీను సీనుకీ, కావాలంటే ఫ్రేము ఫ్రేముకీ, వేరువేరు కబుర్లు పంపే పద్ధతి కూడా ఉంది. డైనమిక్ మెటాడేటా. ఫోన్లలో చూసే సినిమాకి అదెందుకని తీయించినవాళ్లు వద్దన్నారు. ఇప్పుడు అదే పెడితే సరిపోను. కానీ తెల్లారేసరికి పెద్దమ్మకి ఆ మొహం చూపించాలనుకున్న మనిషికి ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? ఆమె కబురు జోలికి పోకుండా బొమ్మనే పట్టుకుంది. గది వచ్చిన దగ్గర్నుంచీ వెలుగు పెంచేసి, తెల్లారగానే పర్చూరు తీసుకొచ్చింది.

ఈసారి అన్నీ కనపడ్డాయి. గోడ పెచ్చులు, మూలన గోనెసంచులు, పైకప్పు బూజు. మధ్యలో ట్యూబులైటు కింద కూర్చోబెట్టినట్టు ఒక ముసలాయన. మొహానికి పిండి పూసినట్టుంది. ఎండ గీత ఏ గోడలో కలిసిపోయిందో తెలియలేదు. గాల్లో తేలే దూది దుమ్ములా ఉంది.

"ఎవరీయన?" అంది మౌలాబీ.

యూసుఫ్ తల దించుకున్నాడు. తల్లి మతి తప్పుతోందేమోనని వాడి భయం. సిద్దికాకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది, ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. ఆ తెర మీద ఉన్నది ఎవరో.

"మీ పెదనాన్న ఇట్టాంటి వెలుగులో కూర్చోటం ఎప్పుడన్నా చూశావా నువ్వు?" మౌలాబీ లేచింది. "దా నాతో."

బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. పక్కింటి వాళ్లు పెరడు నిండా మిరపకాయలు ఆరబోశారు. ఆ ఎరుపు దూది గది గోడ మీద నీళ్ల నీడలా ఊగుతోంది. మౌలాబీ గొళ్లెం తీసింది, ఇద్దరూ లోపలికి వెళ్లారు, తలుపు దానంతటదే దగ్గరగా పడింది.

"ఏం కనపడటం లేదు పెద్దమ్మా."

"ఎవరికి మాత్రం కనపడిద్ది? నిలబడు కాసేపు."

సిద్దికా నిలబడింది. ముందు వాసన వచ్చింది, పాత దూదిదీ చెక్కదీ కలిసిన వెచ్చటి వాసన. తర్వాత తన ఊపిరి తనకి వినపడింది. ఎంతసేపు గడిచిందో ఏమో, పైన ఎక్కడో ఒక సన్నటి ఎండ గీత మొదలైంది. అది అంతకుముందు నుంచీ అక్కడే ఉంది, ఆమె కంటికే ఇప్పుడు అందింది. తను కాలు కదిపిన చోట లేచిన దూది ఆ గీతలోకి వచ్చి, కాసేపు మెరిసి, తొందరేమీ లేనట్టు అవతలికి పోతోంది. గోడకి వేలాడుతున్న విల్లు వంపు తేలింది. ఎదురుగా మౌలాబీ ముక్కుపుడక ఒక్కటే కనపడింది, ఆ తర్వాత దాని చుట్టూ మెల్లగా ముక్కు, బుగ్గలు, నుదురు వచ్చి చేరాయి. ఆవిడ ఏడుస్తోంది. లోపలికి వచ్చినప్పటి నుంచీ ఏడుస్తూనే ఉందని సిద్దికాకి అప్పుడు అర్థమైంది.

ఎండలోంచి వచ్చిన కంటికి ఆ గది ఒక్కసారిగా దొరకదు. కొంచెం కొంచెంగా ఇస్తుంది, అదీ ఆగిన వాళ్లకే. అస్లాం కెమెరా కూడా ఆ రోజు అలాగే, కల్లంలోంచి ఎక్కడా తెగకుండా నడిచి ఆ గుమ్మం దాటింది. దాటి కదలకుండా నిలబడింది.

గుంటూరు అరండల్‌పేటలో తన పనిగదికి తిరిగొచ్చి సిద్దికా బొమ్మని ముందున్న స్థితికి తెచ్చేసింది. ఇక దాన్ని ముట్టుకోదలచలేదు. అస్లాం తీసినదాంట్లో అన్నీ ఉన్నాయి. మార్చాల్సింది టీవీకి పంపే కబురు. కంప్యూటర్‌ని కొలవమంటే కల్లానికి ఒకటి, గదికి ఒకటి కబురు రాసి చేతులు దులుపుకుంది. దాంతో గుమ్మం దాటీ దాటగానే గది భళ్లున తెల్లారిపోతోంది. కాదు, అలా కాదు. ఆమె ఫ్రేము ఫ్రేముకీ చేత్తో దిద్దటం మొదలుపెట్టింది. మొదట టీవీకి ఎండే గుర్తుండాలి. తర్వాత కాస్త మరిచిపోవాలి. ఇంకాస్త. కిటికీకి పరదా వేసుకుని మధ్యాహ్నాలన్నీ ఆ గుమ్మంలోనే గడిపింది. భోజనానికి పిలిస్తే ఎక్కడో నీళ్ల అడుగున వినపడినట్టు వినపడేది. అస్లాం పలకరిస్తే అతని మొహం వైపు చూస్తూ, అది ఎంతసేపటికి స్పష్టమవుతుందో లెక్కవేసేది.

"నేనిక్కడే ఉన్నాను, ఇప్పటికే కనపడుతున్నాను" అనేవాడు అతను నవ్వుతూ.

పని అయిందనుకున్నాక ఫైలు యూసుఫ్‌కి పంపింది. తెర మళ్లీ నల్లగానే ఉందని వాడు ఫోన్ చేశాడు. అప్పుడు వెలిగింది ఆమెకి. ఈ కబుర్లన్నీ ఒక్క భాషలో ఉండవు. రెండు మూడు ప్రమాణాలున్నాయి. కొన్ని టీవీలకి ఒకటే తెలుసు, ఒకదానికి రాసింది ఇంకొకదానికి తలకెక్కదు. ఎక్కకపోతే అది గొడవేమీ చెయ్యదు, మర్యాదగా పాత కబురునే వింటుంది.

"అన్నా, టీవీ పెట్టె మీద ఏం రాసుందో చదవవా."

"పెట్టెలో మీ వదిన మిరపకాయలు పోసిందే."

"కాయలకేం గానీ, పైన రాసింది ఫొటో తీసి పంపు."

ఫొటో వచ్చింది. ఆ టీవీకి తెలిసింది ఆమె రాసిన ప్రమాణం కాదు, ఇంకోది. ఒకదాంట్లో దిద్దింది ఇంకోదాంట్లోకి మారిస్తే ఆ నెమ్మది అలాగే రాదు. సిద్దికా తల పట్టుకుని కూర్చుంది. లేచి టీ తాగి, మళ్లీ మొదటి ఫ్రేము దగ్గరికి వెళ్లింది.

ఆమె పర్చూరు వెళ్లేసరికి కల్లాలు ఖాళీ అవుతున్నాయి, బస్తాలు లారీలకెక్కుతున్నాయి. భోజనాలయ్యాక ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. ఎరుపు వచ్చింది, ఎండ వచ్చింది, హాలు వెలిగింది. కెమెరా గుమ్మం దాటింది. తెర నల్లబడింది.

"మళ్లీ అదేగా!" యూసుఫ్ లేచాడు. "ఇన్నాళ్లూ ఏం చేశావే?"

"కూర్చోరా" అంది మౌలాబీ. "ఎండలోంచి వచ్చాం గదా."

నారి ఒక్కసారి మోగింది, మళ్లీ మోగింది. నలుపులో ఎక్కడో ఒక గీత పుట్టింది. దూది అందులోకి ఒకటీ అరా వచ్చి, తర్వాత గుంపుగా తేలింది. విల్లు వంపు వచ్చింది. దాన్ని పట్టుకున్న వేళ్లు వచ్చాయి. గడ్డం వచ్చింది, గడ్డంలో చిక్కుకున్న ఒక పింజ వచ్చింది. అన్నిటికన్నా చివర కళ్లు వచ్చాయి.

అవి అప్పటికే ఇటు చూస్తున్నాయి, నవ్వుతున్నాయి.

ఆ షాటుని సిద్దికా ఎన్నిసార్లు చూసిందో. ఆయన కెమెరాని చూస్తున్నాడనే ఎప్పుడూ అనుకుంది.

"నన్నే" అంది మౌలాబీ. "అస్లాం ఎనకమాల టీ గ్లాసు పట్టుకుని నుంచున్నా. గుమ్మంలో ఉన్నోళ్లకి లోపలేం కనపడదు, లోపలున్నోళ్లకి గుమ్మంలో మనిషి కనపడిద్ది. పెళ్లయి వచ్చిన కాణ్ణుంచీ ఇంతే. నాకు ఆయన కనపడేసరికే, ఆయన నన్ను చూసి నవ్వతా ఉండేవాడు."

సిద్దికాకి ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఇన్నాళ్లూ ఈ తెర మీద చీకటి తప్ప ఏమీ లేదనుకున్నంతసేపూ ఆయన అందులో నవ్వుతూనే ఉన్నాడు.

తెర మీద హయాత్ మళ్లీ విల్లు అందుకున్నాడు. మౌలాబీ ఆ మొహాన్ని ఇంకాసేపు చూసి, గోడకి వీపు ఆనించి కళ్లు మూసుకుంది.

"అమ్మా, అప్పుడే నిద్రొచ్చిందా?" అన్నాడు యూసుఫ్ కంగారుగా. "చూడు, ఇంకా ఉంది."

"అరవమాకరా" అందామె కళ్లు తెరవకుండానే. "ఉన్నాడు."