‘కుదరదు’ రెండో లెవెల్లో ఉంది

మా ఆఫీసు లిఫ్టుకి దేనికీ తొందర లేదు. కింద ఎక్కినవాడు నాలుగో అంతస్తులో దిగేలోపు పక్కవాడికి తన జాతకమంతా చెప్పుకోవచ్చు. పోనీ మెట్లెక్కి పోదామంటే, మెట్లనిండా విరిగిన కుర్చీలూ, పాడైన తూకం మిషన్లూ పేర్చి తలుపుకి తాళం వేశారు. మాది తూకం మిషన్లు అమ్మి, బాగుచేసే కంపెనీ. కిరాణా కొట్లో పెట్టుకునేవాటి దగ్గర్నుంచి లారీలు ఎక్కే కాటాల దాకా అన్నీ చూస్తాం. లిఫ్టులో ఎంత బరువు ఎక్కించవచ్చో మాత్రం మాలో ఎవరికీ తెలీదు.

అసలు బాధ అది కాదు. నేను ఎక్కి, తలుపులు మూసుకోబోతుండగా కొత్త మేనేజరుగారు చెయ్యి అడ్డంపెట్టి లోపలికొస్తారు. వచ్చి ఇంగ్లీషులో పలకరిస్తారు.

ఆయన తెలుగువాడే. "పాలు విరిగిపోతే నేనేం చేయనే" అని ఫోన్లో భార్యతో అంటుంటే చెవులారా విన్నాను. ఫోను జేబులో పెట్టగానే ఇంగ్లీషులోకి మారిపోతారు. ఇంగ్లీషులో పలకరించిన మనిషికి తెలుగులో జవాబివ్వడమంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడి పక్కన బనీనుతో నిలబడటమే. మా ఆఫీసులో ఆ పని ఎవరూ చేయలేదు. మొదట్లో ఆయన ఏమడిగినా నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఒకరోజు ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగారు. దానికీ నవ్వాను. మా మామగారిని ఆసుపత్రిలో చేర్పించారని అప్పటికే ఎవరో ఆయన చెవిన వేశారట.

ఇక లాభం లేదని ఇంగ్లీషు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా ఆవిడ తమ్ముడు సైకిల్ షాపు పైగదిలో స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ నడుపుతున్నాడు. బోర్డు మీద టై కట్టుకున్న ఫోటో ఉంటుంది. టై నాది.

"బావా, నీ జబ్బల్లా ఆలోచించడమే," అన్నాడు మొదటిరోజే. "ఇంగ్లీషు ఆలోచించి మాట్లాడేది కాదు. తుమ్మొచ్చినట్టు రావాలి."

"ముందు ఏం నేర్పిస్తావురా?"

"మొదటి లెవెల్ మొత్తం పాజిటివ్. ష్యూర్, వై నాట్, విత్ ప్లెజర్, నో ప్రాబ్లం. అవతలివాడు ఏమన్నా ఇందులో ఒకటి పడేయ్. నీకిక తిరుగులేదు."

"మరి కుదరదు, వద్దు, నావల్ల కాదు, ఇలాంటివి?"

"అవి రెండో లెవెల్. మొదట్లోనే కాదూ కూడదూ నేర్పిస్తే మనిషి పాడైపోతాడు బావా. పోయిన బ్యాచ్‌లో ఒకాయనకి నేర్పించా. ఫీజు కట్టనన్నాడు."

ఇంట్లో ప్రాక్టీసు మొదలైంది. కూర వడ్డించమంటావా అంటే విత్ ప్లెజర్ అన్నాను. చెత్తబుట్ట బయట పెట్టమంటే వై నాట్ అని పేపరు తిరగేశాను. వారం తిరిగేసరికి, బావమరిది చెప్పినట్టే, తుమ్మొచ్చినట్టు రాసాగాయి. మేనేజరుగారి మొహం వెలిగింది. ఆదివారం గోడౌనుకొచ్చి స్టాకు చూడగలరా అన్నారు. ష్యూర్ అన్నాను. ఇల్లు మారుతున్నాం, సోఫా పైకెక్కించడానికి ఒక చెయ్యి వేస్తారా అన్నారు. నో ప్రాబ్లం అన్నాను. రెండు చేతులూ, నడుమూ వేయాల్సి వచ్చింది. నడుము ఇంకా తిరిగి రాలేదు.

మొన్న మంగళవారం ఆయన నన్ను గదికి పిలిచారు. రాళ్ల క్వారీల దగ్గర కంపెనీ కొత్త బ్రాంచి తెరుస్తోంది, చూసుకునే మనిషి కావాలి, మీరు వెళ్తారా అన్నారు. నాకు అర్థం కాలేదనుకోకండి. ప్రతి ముక్కా అర్థమైంది. రాత్రంతా రైల్లో కూర్చుని, పొద్దున బస్సు మారితే వచ్చే చోటు. ఆఫీసూ, పడకా ఒకే రేకుల గదిలో. చుట్టూ రాతిపొడి, కాటా ఎక్కి దిగే లారీలు. మా ఆవిడకి ఇన్నేళ్ల తర్వాత మా వీధి చివర రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికింది. అందరం వెళ్తే అది పోతుంది. నేనొక్కణ్ణే వెళ్తే నాకు అన్నం వార్చడం కూడా రాదు. ఇదంతా ఒక్క క్షణంలో బుర్రలో తెలుగులో తిరిగింది. నోరు మాత్రం ఇంగ్లీషులో ఉంది.

"విత్ ప్లెజర్, సార్," అంది.

సోమవారం జాయినవ్వాలన్నారు.

సంగతి విని మా ఆవిడ మడతపెడుతున్న ల్యాబు కోటు పక్కన పెట్టింది.

"నో అనడానికి మీకేం రోగం?"

"నో వచ్చు. ప్రాబ్లం ముందు అయితేనే వస్తుంది."

వెంటనే తమ్ముణ్ణి పిలిపించింది. వాడు పరిస్థితి విని, ఆపద్ధర్మంగా రెండో లెవెల్లోంచి ఒక్క ముక్క ముందే చెప్పడానికి ఒప్పుకున్నాడు.

"ఉట్టి నో అనకూడదు బావా, మోటుగా ఉంటుంది. ఐ వుడ్ లవ్ టు అని మొదలెట్టాలి. అంటే, నాకు వెళ్లాలనే ఉంది అని. తర్వాత బట్ అనాలి. అక్కణ్ణుంచి నీ ఏడుపు నువ్వు ఏడవొచ్చు."

"వెళ్లనని చెప్పడానికి వెళ్లాలని ఉందనాలా?"

"అదే మర్యాద."

"ఆ మర్యాదేదో నువ్వే వెళ్లి చెప్పిరా," అంది మా ఆవిడ.

"నాది థియరీ అక్కా."

మర్నాడు మేనేజరుగారి ఎదుట నిలబడి, "ఐ వుడ్ లవ్ టు, సార్," అన్నాను. అని, బట్ కోసం ఊపిరి పీల్చుకున్నాను. ఆయనకి ఆ సందు చాలింది. లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. హెడ్డాఫీసుకి ఫోన్ చేసి, మా మనిషి ఎంత సంబరపడిపోతున్నాడో చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు బట్ అన్నాను. గోడ విన్నది. బయటికొస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాకపోతే వెళ్లాల్సిన ఇద్దరు మరీ గట్టిగా కొట్టారు.

"ఆయన తెలుగువాడేగా. సిగ్గు పక్కనపెట్టి తెలుగులో చెప్పండి," అంది ఆ రాత్రి మా ఆవిడ. నా కళ్లజోడు పెట్టుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకుని మేనేజరు అయింది.

"ఏవయ్యా, క్వారీకి వెళ్తావా?"

"చూద్దాం సార్."

"చూసేదేంటి? వెళ్తావా, వెళ్లవా?"

"వెళ్లకూడదని ఏం లేదు సార్..."

కళ్లజోడు తీసేసింది. "నాకైనా ఎప్పుడైనా కుదరదని చెప్పారా మీరు?"

"లేదు. ఏమడిగినా అలాగే అన్నాను," అన్నాను, కొంచెం గర్వంగానే.

"అన్నారు. వంటింటి కుళాయి బాగుచేయించమంటే అలాగే అన్నారు. అది పోయిన వానాకాలం మాట. ఇంకా కారుతోంది."

అప్పుడు నా బుర్రలో లైటు వెలిగింది. మా ఇంట్లో అలాగే అంటే చేయనని. చూద్దాం అంటే అసలు చేయనని. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, అందుకే కాపురం సాఫీగా సాగుతోంది. ఈ మాటల్ని ఇంగ్లీషులో పెట్టి అన్నందుకు ఆయన నిజమనుకున్నారు. తెలుగులో అంటే, పెళ్లాం పిల్లలున్న మనిషి, ఆయనకి మాత్రం తెలియదా?

శుక్రవారం ఆయన గదిలోకి వెళ్లి, "సార్, ఆ బ్రాంచి సంగతి... చూద్దాం సార్," అన్నాను, తెలుగులో.

ఆయన పెన్ను పక్కన పెట్టారు. చొక్కా విప్పేసిన మనిషిని చూసినట్టు కాసేపు నన్ను చూశారు. తర్వాత, మొదటిసారి, తెలుగులో అన్నారు.

"కూర్చోండి. ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?"

ఆ గొంతు వింటే ప్రాణం లేచొచ్చింది. ల్యాబు ఉద్యోగం, అన్నం వార్చడం, అన్నీ చెప్పుకున్నాను. ఆయన మధ్యలో అయ్యో అన్నారు. మంచినీళ్లు తెప్పించారు.

"మరి హెడ్డాఫీసుకి చెప్పి ఇది ఆపిస్తారా సార్?"

"అలాగేనండీ. చూద్దాం," అన్నారు, ఎంతో ఆప్యాయంగా. "ముందైతే మీరు సోమవారం జాయినవ్వండి."

ఆ మాట నాది. ఆ గొంతూ నాదే. కుళాయికి ఏ గతి పట్టిందో నాకు తెలుసు. ఇంకేం అనాలో తోచక, "అలాగే సార్," అన్నాను.

ఇది రాస్తుంటే మా ఆవిడ పక్కగదిలో నా చొక్కాలు పెట్టెలో సర్దుతోంది. అన్నం వార్చేటప్పుడు మూత ఎలా పట్టుకోవాలో ఇందాక ఒకసారి చూపించింది. అయ్యా, అమ్మా, మీలో ఎవరైనా ఎప్పుడైనా పై అధికారి మొహం మీద కుదరదని అన్నవాళ్లుంటే, ఎలా అన్నారో దయచేసి రాయండి. కూర్చుని అన్నారా, నిలబడి అన్నారా? అన్నాక ఎటు చూశారు? చెప్పులు గది బయట వదిలారా, కాళ్లకే ఉంచుకున్నారా? ఏ భాషలో అయినా పర్వాలేదు, నాకు అదొక్కటీ ఏ భాషలోనూ రావడం లేదు. వచ్చే నెల రెండో లెవెల్ మొదలవుతోందట, చేరతావా బావా అని బావమరిది అడిగాడు. ష్యూర్ అనేశాను. అప్పటికి నేను రాతిపొడిలో ఉంటాను కాబట్టి వాణ్ణి నమ్ముకుని లాభం లేదు, మీరే దిక్కు. ఉత్తరాలు ఇంటికే రాయండి. క్వారీలో పోస్టు ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చినవి వచ్చినట్టు చదివి నాకు ఫోన్లో చెప్పమని మా ఆవిడని అడిగాను.

అలాగే అంది.