ఊక లెక్క వడ్ల మీద

దీవెన టీచర్‌కు ఆ మూడు రోజులూ తల ప్రాణం తోకకొచ్చింది. కోదాడ పక్కనున్న ఆ సర్కారు బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పై ఇద్దరు. అందరూ తెలివైనవాళ్లే, కానీ కూడబలుక్కున్నట్టు అందరూ ఒకటే తప్పు చేస్తున్నారు. ఇరవై శాతం తగ్గింపు పోను చీర ఎనిమిది వందలకు వచ్చింది, అసలు ధరెంత అని అడగడమే ఆలస్యం, ఎనిమిది వందల మీద ఇరవై శాతం కట్టి, ఆ నూట అరవై కలిపి, తొమ్మిది వందల అరవై అని ఠక్కున చెప్పేస్తారు. పోనీ, ఆ తొమ్మిది వందల అరవైలోంచి ఇరవై శాతం తీసి చూడండ్రా, ఎనిమిది వందలు రావట్లేదు కదా అంటే, అట్లయితే దుకాణపాయన మోసం చేసి ఉంటాడని తీర్పిచ్చారు. ఇంకేం చెప్పాలి వీళ్లకు!

అందులో రజితది వేరే తంటా. తండా నుంచి వచ్చే ఆ పిల్ల ఒక్కోసారి సరైన జవాబే రాస్తుంది. కానీ పక్కనున్నవాళ్లు అది కాదు అన్నారో, ఎందుకు కాదని అడగనైనా అడగదు, అరచేత్తో చెరిపేస్తుంది. దీవెనకు అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లలతో కలిసి అన్నం తింటుంటే, రజిత తన తల్లి సుక్కి నిన్న గిర్నిలో, అదే బియ్యం మిల్లులో, వడ్లు పట్టించిన ముచ్చట చెబుతోంది. నూట ముప్పై కిలోల బియ్యం వచ్చాయట. వడ్లు ఎన్ని పోశారని దీవెన ఊరికే అడిగింది. తాను బడిలో ఉన్నానని, చూడలేదని చెప్పి, నోట్లో ముద్ద నములుతూనే, రెండు క్వింటాళ్లయి ఉంటాయంది రజిత. చూడకుండా ఎట్లా తెలుసట? క్వింటాకు అరవై ఐదు కిలోల బియ్యం, మిగతాది ఊక, తవుడు. ఇది తెలియనివాళ్లు ఉంటారా అన్నట్టు చూసింది.

దీవెన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెయ్యి కడుక్కుందో లేదో, అందరినీ గదిలోకి తరిమి సుద్దముక్క అందుకుంది. క్వింటాకు ముప్పై ఐదు కిలోలు పోతాయి, అంటే ముప్పై ఐదు శాతం. మరి వడ్ల లెక్క కోసం ఈ నూట ముప్పై కిలోల మీద ముప్పై ఐదు శాతం కట్టి కలిపావా అని రజితను నిలదీసింది.

రజిత టీచర్ వైపు జాలిగా చూసింది. "ఊక వడ్లల్లకెల్లి పోతది గద టీచర్. బియ్యం మీద ఎట్ల కడతం?"

"మరి తగ్గింపు దేంట్లకెల్లి పోతది?"

దీవెన ఎనిమిది వందల చీర లెక్కను బోర్డు మీద రాసింది. వెనక బెంచీలోంచి ఎవరో మెల్లగా, అసలు ధరలోంచి అన్నారు. ఇక చూడాలి ఆ సంబరం! అసలు ధర వడ్లు, తగ్గింపు ఊక, మనం చేతిలో పెట్టే డబ్బు బియ్యం. వందకు ఎనభై బియ్యమైతే, ఎనిమిది వందల బియ్యానికి వడ్లెన్ని? వెయ్యి అని ముప్పై రెండు గొంతులు కప్పు ఎగిరేలా అరిచాయి. తర్వాతి గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు, ఇంకోటి ఇవ్వమని ప్రాణం తీశారు. దీవెన దగ్గర సుద్దముక్కలు అయిపోయాయి.

ఆ ఊపులోనే ఆమె హెడ్మాస్టర్ ప్రభుదాస్ సార్ దగ్గరికి పోయి, సూర్యాపేటలో జరిగే లెక్కల పోటీకి రజితను పంపుదామంది. బడికి ఒక్కరే. సార్ మనసులో ఉన్నది అదే తరగతి గణేష్, వాడికి బెరుకు లేదు. చాలాసేపు వాదించాక ఆయన సరేనన్నాడు, కానీ ఒక మెలిక పెట్టాడు. ఆ పిల్ల అక్కడ బెదిరి జవాబు చెరుపుకుని వచ్చిందంటే ఇక ముందు ఎవరిని పంపాలో తానే చూసుకుంటాడు. దీవెన ఒప్పుకుంది. ఒప్పుకున్న నాటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

సూర్యాపేట హాల్లో చివరికి ఇద్దరు మిగిలారు, రజిత, మిర్యాలగూడ నుంచి వచ్చిన గ్రేస్. టీచర్లు నోరు తెరిచినా, కుర్చీలోంచి లేచినా వాళ్ల పిల్లను పక్కన పెడతామని ముందే చెప్పారు. ప్రశ్న చదివారు. పాతిక శాతం తగ్గింపు పోను అంగీ తొమ్మిది వందలు. అసలు ధర?

పలకలు పైకి లేచాయి. గ్రేస్ పలక మీద 1125. రజిత పలక మీద 1200. ప్రశ్నలడిగే సార్ తన కాగితం చూసుకుని, పదకొండు వందల ఇరవై ఐదు సరైనదన్నాడు. కాగితంలో జవాబే తప్పు! దీవెన నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది, చేతి రుమాలు నలిగి ముద్దయింది. రజిత అరచెయ్యి పలక మీదికి పోయింది. అయిపోయింది అనుకుంది దీవెన.

చెయ్యి పలక మీదే ఆగింది. రజిత పలకను మళ్లీ పైకెత్తింది.

"కాదు సార్. పన్నెండు వందలల్ల పావు వంతు తీయుండ్రి, తొమ్మిది వందలు మిగుల్తయి. పదకొండు వందల ఇరవై ఐదుల తీస్తే మిగలయి. ఊక బియ్యం మీద కట్టరు సార్."

హాల్లో కొందరు నవ్వారు. సార్ కాగితాన్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. గ్రేస్ మాత్రం నవ్వలేదు. బియ్యం మిల్లుల ఊరి పిల్ల కదా! పలక తుడిచి 1200 అని రాసి, గెలిచిన మార్కు తనది కాదని, తనదే తప్పని చెప్పింది. అప్పుడు సార్ పెన్ను తీసి కట్టి చూసుకుని, పన్నెండు వందలే సరైనదన్నాడు. దీవెన నియమం సంగతి మరిచి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది, ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

కోదాడ బస్సులో బహుమతి పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది రజిత. దీవెనకు సంతోషం ఆగడం లేదు. నలభై శాతం పోను ఏడు వందల ఇరవై, అసలెంత అని అడిగింది. పన్నెండు వందలంది రజిత. ఆ సంబరంలో దీవెన ఏం కట్టిందో ఏమో, కాదు, పద్దెనిమిది వందలు అనేసింది.

రజిత మనసులోనే మళ్లీ కట్టి చూసుకుంది.

"పన్నెండు వందలే టీచర్. మీరే ఇంకోసారి సూసుకోండ్రి."

దీవెన వేళ్ల మీద లెక్క కట్టింది. తప్పు తనదే. ఆ మాట రజితతో చెప్పి, ఈసారి లెక్క నువ్వే అడుగు అంది.